గోదావరి, కృష్ణాలో చిన్న పడవ: వరద హెచ్చరిక లేకపోతే వెళ్లొచ్చా? ముందు ఏం చూసుకోవాలి?

రాజమహేంద్రవరంలో ఘాట్ మెట్ల మీద నిలబడితే గోదావరి చాలా రోజులు చెరువులాగే కనిపిస్తుంది. రేవులో పడవ సిద్ధంగా ఉంటుంది. వరద హెచ్చరిక ఏదీ లేదని ఫోన్‌లో చూసుకుంటారు. ఇక భయమేముందని ఎక్కేస్తారు.

పొరపాటు జరిగేది ఇక్కడే. మీరు సొంతంగా కయాక్ నడిపినా, చిన్న తెరచాప పడవ తీసినా, పది మందితో కలిసి నాటు పడవ ఎక్కినా ఈ విషయం గుర్తుపెట్టుకోండి. వరద హెచ్చరికలు పడవల కోసం పెట్టినవి కావు.

హెచ్చరిక లేదంటే ప్రమాదం లేనట్టేనా?

కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. భద్రాచలంలో ఇవి 43, 48, 53 అడుగులు. ఊళ్లు, లంకలు, రోడ్లు మునిగే ముప్పును బట్టి పెట్టుకున్న కొలతలివి. మొదటి హెచ్చరిక నాటికే ధవళేశ్వరం దగ్గర దాదాపు 10 లక్షల క్యూసెక్కుల నీరు పారుతుంటుంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు.

2019 సెప్టెంబర్ 15న పాపికొండల వైపు వెళ్తున్న పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఆ రోజు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. అంటే మొదటి హెచ్చరిక స్థాయిలో దాదాపు సగం. అయినా 70 మందికి పైగా ఎక్కిన పెద్ద బోటే నిలవలేకపోయింది. చిన్న పడవ సంగతి చెప్పక్కర్లేదు.

కొండల మధ్య నది ఇరుకవుతుంది. అదే నీరు తక్కువ వెడల్పులోంచి పోవాలి కాబట్టి వేగం పెరుగుతుంది, మలుపుల్లో సుళ్లు పుడతాయి. నది వెడల్పుగా ఉన్నచోట ప్రశాంతంగా కనిపించిన నీరే ఎగువన ఇరుకు చోట అలా ఉండకపోవచ్చు.

మరి ఏ గుర్తులు చూడాలి?

నీరు ఎర్రగా మారిందా? దుంగలు, చెత్త కొట్టుకొస్తున్నాయా? గంట క్రితం కనిపించిన ఘాట్ మెట్టు ఇప్పుడు మునిగిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు మానుకోండి. మీ దగ్గర ఎండ కాస్తున్నా, ఎగువన కురిసిన వాన తర్వాతైనా దిగువకు వస్తుంది. నీటిమట్టం అంకె ఒక్కటే కాదు, అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది కూడా చూడండి. బ్యారేజీ గేట్లు ఎత్తుతున్నారేమో తెలుసుకోండి.

బ్యారేజీకి ఎగువన మరింత జాగ్రత్త అవసరం. గేట్లు ఎత్తితే నీరు అటు లాగుతుంది. ఇంజిన్ ఆగిందంటే పడవ కూడా అటే పోతుంది. 2024 సెప్టెంబర్ 1న కృష్ణా వరదలో కొట్టుకొచ్చిన ఖాళీ పడవలు ప్రకాశం బ్యారేజీని ఢీకొని గేట్ల కౌంటర్‌వెయిట్లను దెబ్బతీశాయి. ప్రవాహం చేతిలో పడితే బరువైన పడవలు కూడా అంత నిస్సహాయంగా కొట్టుకుపోతాయి.

నదిలో ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి?

ఈ రెండు నదులూ షికారుకే కాదు, రవాణాకూ దారులే. గోదావరిలో భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం వరకు 171 కిలోమీటర్లు, కృష్ణాలో వజీరాబాద్ నుంచి విజయవాడ వరకు 157 కిలోమీటర్లు జాతీయ జలమార్గం-4లో భాగం. 2008లో దీన్ని ప్రకటించారు. పర్యాటక లాంచీలు, ఇసుక పడవలు, మనుషులనూ వాహనాలనూ దాటించే పంట్లు ఈ నదుల మీదే తిరుగుతాయి.

చిన్న పడవను చూసి పెద్దది పక్కకు తప్పుకుంటుందని చాలామంది అనుకుంటారు. తెరచాప పడవకు మోటారు పడవ దారి ఇవ్వాలన్న నియమం విన్నవాళ్లయితే మరీ ధీమాగా ఉంటారు. ఓడలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనలు మరో మాట కూడా చెబుతున్నాయి. ఇరుకు కాలువలో, ఆ లోతులోనే నడవగలిగే పెద్ద నౌకకు 20 మీటర్ల లోపు పడవలు, తెరచాప పడవలు అడ్డు రాకూడదు.

కారణం సులువే. నది ఎంత వెడల్పుగా ఉన్నా, బరువైన పడవకు సరిపడే లోతు ఒక చాలు వెంబడే ఉంటుంది. అది తప్పితే ఇసుక మేటల మీద కూరుకుపోతుంది. దానికి బ్రేకులుండవు, ఇంజిన్ వెనక్కి తిప్పినా చాలా దూరం వెళ్లాకే ఆగుతుంది. ముందున్న సరుకు అడ్డం వచ్చి సరంగుకు దగ్గరి నీరు కనిపించకపోవచ్చు. మీ పడవకు మాత్రం లోతు తక్కువ ఉన్నా చాలు. పక్కకు జరిగే వీలు మీకే ఉంది, బాధ్యతా మీదే.

• లోతు చాలుకు కుడి అంచున నడపండి. వీలైతే బయటే ఉండండి.
• చాలును దాటాల్సి వస్తే రెండు వైపులా చూసి, ఒక్క ఊపున దాటండి. పెద్ద పడవ ముందు నుంచి కాకుండా వెనక నుంచి దాటండి.
• హారన్ ఒకసారి చిన్నగా మోగితే కుడికి తిరుగుతున్నట్టు. రెండుసార్లయితే ఎడమకు. మూడుసార్లయితే ఇంజిన్ వెనక్కి తిప్పుతున్నట్టు. ఐదుసార్లు గబగబా మోగితే మీరేం చేస్తున్నారో వాళ్లకు అర్థం కావడం లేదని. వెంటనే తప్పుకోండి.
• లాంచీ వెళ్లాక వచ్చే అలలకు పడవ పక్క చూపించకండి. ముక్కును కాస్త ఏటవాలుగా అలల వైపు తిప్పండి.
• చీకటి పడేలోపు ఒడ్డుకు చేరండి. ఆలస్యమైతే తెల్లని టార్చిలైటు చేతిలో ఉండాలి.

చట్టం ప్రకారం పడవకు ఏ కాగితాలు ఉండాలి?

1917 నాటి పాత చట్టం స్థానంలో అంతర్గత నౌకల చట్టం-2021 వచ్చింది. దీని ప్రకారం ఇంజిన్‌తో నడిచే పడవకు నాలుగు ఉండాలి. రిజిస్ట్రేషన్, పడవ ప్రయాణానికి పనికొస్తుందని తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్, బీమా, నడిపే సిబ్బందికి అర్హత సర్టిఫికెట్. ఒక రాష్ట్రంలో ఇచ్చిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. ఇంజిన్ లేని పడవల నమోదు బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించారు.

పడవ మీద రిజిస్ట్రేషన్ నంబరు కనిపించాలి. అది కనిపించకపోతే, ఎంతమందిని ఎక్కించవచ్చో అడిగినా జవాబు రాకపోతే ఎక్కకండి. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోల్తా పడి 20 మందికి పైగా ప్రాణాలు తీసిన పడవకు అనుమతి లేదని అధికారులు ఆ తర్వాత చెప్పారు. టికెట్ కొన్నారంటే పడవకు అనుమతి ఉన్నట్టు కాదు.

లైఫ్ జాకెట్ చేతికిస్తే సరిపోతుందా?

సరిపోదు. పడవ తిరగబడేది క్షణాల్లో. సీటు కింద ఉన్న జాకెట్‌ను అప్పుడు తీసి వేసుకోలేరు. రేవులోనే వేసుకుని, పట్టీలన్నీ బిగించండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది మీకు వదులు. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ పనికిరాదు, జారిపోతుంది.

ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు చేరకండి. బరువు ఒక వైపు పడి, అదే సమయంలో సుడి తగిలితే పడవ తిరగబడుతుంది. పై డెక్ మీద జనం ఎక్కువైతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. గది ఉన్న బోటైతే ఎక్కగానే బయటికి వచ్చే దారులు చూసుకోండి. నీరు నిండిన గదిలో జాకెట్ మిమ్మల్ని పైకప్పుకు నెట్టేస్తుంది. ప్రయాణమంతా లోపల కాకుండా గాలి ఆడే చోట కూర్చోవడం మంచిది.

నీళ్లలో పడితే?

బోల్తా పడిన పడవ తేలుతూ ఉంటే దాన్నే పట్టుకుని ఉండండి. ఒంటరి తల కన్నా పడవ దూరానికి కనిపిస్తుంది. పట్టు దొరకకపోతే వెల్లకిలా తేలుతూ కాళ్లు దిగువ వైపు పెట్టండి. ప్రవాహానికి ఎదురీదకండి, ఏటవాలుగా ఒడ్డు వైపు జరగండి. ఒడ్డున ఉన్నవాళ్లు 112కు ఫోన్ చేసి ఏ రేవు, ఏ ఒడ్డు, ఎంతమంది ఉన్నారో చెప్పాలి.

వెళ్లే ముందు ఇంట్లో ఒకరికి మూడు విషయాలు చెప్పండి: ఎక్కడ ఎక్కుతున్నారు, ఎటు వెళ్తున్నారు, ఎన్ని గంటలకు తిరిగొస్తారు. ఫోన్‌ను నీరు చొరని కవరులో పెట్టి మెడలో వేసుకోండి.

చివరగా, ఆ రోజు నది ఎలా ఉందో రేవులో ఒక సరంగునో, మత్స్యకారుడినో అడగండి. ఆయన తన పడవను ఒడ్డుకు కట్టేసి కూర్చుంటే, మీరూ ఆ రోజుకు ఒడ్డునే ఉండిపోండి.