ఉమేదువారులు, ఇంటర్నులు

మా మనవరాలు కిందటేడు మాదాపురంలోని ఒక సాఫ్టువేరు సంస్థలో ఆరునెలలపాటు ఇంటర్నుగా పనిచేసినది. కోడు రాయడానికి కాదు. ఆ సంస్థలో ఉద్యోగుల బాగోగులు చూసే విభాగం కింద 'కల్చర్ టీం' అని ఒకటి కలదట. పుట్టినరోజులకు కేకులు తెప్పించడం, పండుగలకు తోరణాలు కట్టించడం, ఎందరు వచ్చారో లెక్కగట్టి నివేదిక పంపడం దాని పని. సంస్కృతి అనే మాటకు ఇంత దినచర్య ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

చేరిన మొదటివారమే నన్నడిగినది, "తాతయ్యా, ఇంటర్నుని తెలుగులో ఏమంటారు?" అని.

ముప్ఫైమూడేళ్ళు తెలుగు పాఠం చెప్పినవాడిని గనుక తడుముకోకుండా "అంతేవాసి" అన్నాను. "అంతేవాసికి స్టైపెండు ఇచ్చేవారా?" అన్నది. శిక్షార్థి, అభ్యాసకుడు అంటూ మరి రెండు మాటలు చెప్పి చూశాను గాని ఏదీ అతకలేదు. రెండు రోజుల తరువాత, స్నానం చేస్తూండగా, ఆ మాట తట్టినది. ఉమేదువారు.

పారసీకంలో 'ఉమీద్' అనగా ఆశ. కుంపిణీ కాలపు కచేరీలలో ఎప్పటికైనా ఖాళీ రాకపోతుందా అన్న ఆశతో, జీతం లేకుండానో నామమాత్రపు జీతానికో కాచుకొని పనిచేసేవారు ఉమేదువారులు. ఇంగ్లీషు ముద్ర కావలసినచోట వారే 'వాలంటీర్లు'. పేరులోనే ఆశ ఉన్నది, జీతం లేదు. ఇంతకంటె సూటియైన అనువాదం నాకు దొరకలేదు.

మన సాహిత్యంలో పేరుపడ్డ ఉమేదువారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. పన్నెండో ఏట చెన్నపట్టణంలో బోర్డు ఆఫ్ ట్రేడు కచేరీలో వాలంటీరుగా ప్రవేశించారు. ఈనాడు ఆ వయసు పిల్లవాణ్ణి మనం ఏడో తరగతిలో కూర్చోబెట్టి ఛందస్సు గణాలు చెబుతాము. ఆయన ఆ కచేరీ మెట్లమీదుగానే ఎదిగి సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు అయినారు. 1830 మే నెలలో బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా కాశీకి పోయి, మరుసటి ఏడు సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిపొడుగునా ఊరి పేరు, వసతి, నీళ్ళ సదుపాయం వదలకుండా రాసుకొన్న ఆ 'కాశీయాత్ర చరిత్ర' చదువుతూంటే, దస్త్రాలలో తీరిన చెయ్యి ఇట్లాగే రాస్తుంది కదా అనిపిస్తుంది. కచేరీ ఆయనకు జీతం తరువాత ఇచ్చినది, చూపు ముందే ఇచ్చినది. ఇది నా ఊహ. పండితులు ఒప్పుకోకపోయినా నాకు పట్టింపు లేదు.

అయితే అది సర్కారు పని. సంస్కృతికే అంకితమైన సంస్థలో ఉమేదువారీ చేసినవారి కథ వేరు. దానికి మొదలు హైదరాబాదులోనే ఉన్నది. 1901 సెప్టెంబరు 1న రెసిడెన్సీ బజారులో, అనగా నేటి సుల్తాన్‌బజారులో, రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినది. పూనిక వహించినవారిలో మునగాల సంస్థానాధిపతి నాయని వెంకటరంగారావుగారు, ఆ సంస్థానంలోనే ఉద్యోగి అయిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ముఖ్యులు. అయిదేళ్ళకు, 1906లో, విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి కూడ ఈ ఊరనే పుట్టి పిమ్మట చెన్నపట్టణానికి తరలిపోయినది. అక్కడ లక్ష్మణరావుగారు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' తలపెట్టారు. ఆ పనిలో తోడు నిలిచినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆచంట లక్ష్మీపతి, రాయప్రోలు సుబ్బారావు, మల్లంపల్లి సోమశేఖరశర్మగారలు.

ఈ నలుగురిలో శర్మగారి దగ్గర కాస్త ఆగుతాను. ఆయన 1891లో పుట్టారు. విశ్వవిద్యాలయ పట్టా లేదు. సర్వస్వానికి వ్యాసం రాయాలంటే శాసనం చదవాలి, శాసనం చదవాలంటే లిపి రావాలి, లిపి వచ్చినా తిథివారనక్షత్రాలు సరిచూడాలి. ఆ విద్య ఏ తరగతిలోనూ దొరకదు. లక్ష్మణరావుగారి సన్నిధిలో దొరికినది. సర్వస్వం మూడు సంపుటాలు దాటలేదు, అకారమే దాటలేదు. 1923లో లక్ష్మణరావుగారు పోయారు. సంస్థ లెక్కలో చూస్తే అది ఆగిపోయిన పని. కాని అక్కడ తయారైన శర్మగారు రెడ్డిరాజ్యాల చరిత్రను ఇంగ్లీషులో రాస్తే 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించినది; పట్టా లేని మనిషి ఆ విశ్వవిద్యాలయంలోనే చరిత్ర చెప్పినాడు.

భాషాప్రవీణ చదివే రోజుల్లో నేను కూడ ఒక వేసవి మా గురువుగారి వ్రాతప్రతికి శుద్ధప్రతి ఎత్తిపెట్టాను. ఒక్క అరసున్న తప్పిపోయిందని పుట మొత్తం మళ్ళీ రాయించారు. కూలి ఏమీ లేదు, మధ్యాహ్నం భోజనం మాత్రం వారింటనే. ఆ వేసవిని తలచుకొంటే చెయ్యి నొప్పి గుర్తురాదు, ఆయన కళ్ళద్దాలు సవరించుకొని నా పుట వైపు వంగిన తీరు గుర్తుకువస్తుంది.

ఇక కార్యాలయాలలో సాంస్కృతిక సంఘాల సంగతి. ఇది సాఫ్టువేరువారు కనిపెట్టినది కాదు. హైదరాబాదు ఏజీ ఆఫీసు ఉద్యోగుల 'రంజని' తెలుగు సాహితీ సమితి పేరు వచన కవిత రాసేవారందరికీ తెలుసు. పగలంతా ఆడిట్ లెక్కలు చూసినవారు సాయంత్రం కుందుర్తి పేరిట కవితల పోటీ నడిపినారు. పరిషత్తు నాటకపోటీలకు వచ్చే జట్లలో బ్యాంకులవారు, రైల్వేవారు, ప్రభుత్వరంగ కర్మాగారాలవారు ఎందరో. ఆ సంఘాల పని ఉద్యోగులే చేసుకొనేవారు. సంచాలకుడు అకౌంటెంటు, నాయిక పాత్రధారిణి టైపిస్టు. ఎవరూ వారికి ఆ పని ఉద్యోగధర్మంగా అప్పగించలేదు. కొన్నిచోట్ల పై అధికారి కళ్ళెర్రజేసిన సందర్భాలు కూడ విన్నాను.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత మాదాపురం స్వరూపమే మారినది. ఒకవైపు ఆ గుండ్రని భవనం, దాని పక్కనే చేనేతలు, కుండలు, కొయ్యబొమ్మలతో శిల్పారామం. బహుశః ప్రపంచంలో మరెక్కడా రెండూ ఇంత ఆనుకొని ఉండవేమో అని సరదాగా అంటూ ఉంటాను. కొత్త ఉద్యోగులు రాత్రివేళ అమెరికా గడియారానికి పనిచేసేవారు. సాయంత్రం నాటకం ఆడడానికి వారికి సాయంత్రమే లేదు. అందుచేత పండుగ సంస్థ తరఫున జరిపించవలసిన కార్యక్రమమైనది, దానికి ఒక విభాగం, ఆ విభాగానికి ఇంటర్నులు వచ్చారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రాసుకొన్నవారికి స్టైపెండు హక్కు. ఇంటర్ను అని పిలిచి చేర్చుకొంటే అది కాగితం మీద రాసినంత మేరకే. మా పిల్లకు కొంత ఇచ్చారు లెండి, బస్సుకూ భోజనానికీ సరిపోయినది.

2014లో తెలంగాణ ఏర్పడి బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినది మొదలు ఆ వీధిలోని సంస్థలు కూడ బతుకమ్మ ఆడిస్తున్నాయి. కిందటేడు ఆ బాధ్యత మా పిల్ల మీద పడినది. పెద్దలు ఆమెకు ఇచ్చినవి ఒక బడ్జెటు, ఒక డీజే ఫోను నెంబరు, గులాబీలు అమ్మే దుకాణం చిరునామా. నన్నడిగినది. నేను కృష్ణా జిల్లావాడిని. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమికి సద్దులతో ముగుస్తుందని, తొమ్మిది రోజులని చెప్పాను. గౌరీపూజ గురించి, ఉయ్యాల పాటల నడక గురించి అరగంట ఉపన్యసించాను. అంతా విని, "తాతయ్యా, పూలు పేర్చడం ఎట్లా?" అన్నది. నాకు తెలియదు. నా అలమారలోని ఏ పుస్తకానికీ తెలియదు.

తెలిసిన మనిషి ఆమె కార్యాలయంలోనే ఉన్నది. నేల తుడిచే కాంట్రాక్టు పనివారిలో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె. మూడు సాయంత్రాలు, తన పని ముగిసిన తరువాత ఉండి, మా పిల్లకు నేర్పినది. "గులాబీలేంది బిడ్డా, తంగేడు తీస్కరా, గునుగు తీస్కరా" అన్నదట. తాంబాలంలో గుమ్మడి ఆకులు పరచాలి. తంగేడు వరస తరువాత రంగులద్దిన గునుగు వరస, చుట్టూ చుట్టూ పైకి. నడిమికి కూలకుండా లోపల ఆకులు కుక్కాలి. కొసకు పసుపు గౌరమ్మ. మొదటిరోజు పేర్చినది ఒరిగిపోతే ఆమె మాట్లాడకుండా మొత్తం విప్పేసి మళ్ళీ పేర్పించిందట. ఆ మాట వినగానే నాకు మా గురువుగారి అరసున్న జ్ఞాపకం వచ్చినది.

మేముండేది చందానగరు. మాకు దగ్గరలోనే, శేరిలింగంపల్లిలో, సురభి కాలనీ ఉన్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు 'కీచకవధ'తో మొదలుపెట్టిన ఆ నాటక కుటుంబం వారసులు అక్కడ ఉంటారు. ఐటీ వీధికి అంత చేరువలో, ఇల్లే కార్యాలయంగా, సంస్కృతే జీవనంగా నూట నలభయ్యేళ్ళ సంస్థ. అక్కడి పిల్ల ఏ ఇంటర్న్‌షిప్పులోనూ చేరదు. ముందు తెర తాడు పట్టుకొంటుంది, తరువాత చిన్న వేషం, తరువాత పెద్దది. తప్పితే తల్లో మేనత్తో పక్కవారగానే దిద్దుతుంది. బి.వి. కారంత్ అంతటి దర్శకుడు 1990లలో వారివద్దకు వచ్చి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' చేయించినప్పుడు నేర్చుకొన్నది వారే కాదు, ఆయన కూడాననే నా నమ్మకం. పబ్లిక్ గార్డెన్సు లలితకళాతోరణంలో వారి 'మాయాబజార్' చూసినప్పుడు మా పిల్లకు ఆరేళ్ళు. ఘటోత్కచుడి లడ్డూలు గాలిలో ఎగిరి నోట్లో పడుతూంటే లేచి నిలబడినది.

కార్యాలయంలో బతుకమ్మ బాగానే జరిగినదట. డీజే కూడ వచ్చాడు, అది తప్పించలేకపోయినది. మరునాడు అందరికీ పంపే కృతజ్ఞతల లేఖ ఆమెనే రాయమన్నారు. మొదటి పేరుగా ఆ పెద్దామె పేరు రాసినది. కాంట్రాక్టువారి పేర్లు లేఖలో వేసే అలవాటు లేదని పైనుంచి తిరిగి వచ్చినది. మళ్ళీ అదే పేరుతో పంపినది. మూడోసారికి లేఖ వెళ్ళినది గాని, అందులో పేరు లేదు; 'హౌస్‌కీపింగ్ సహకారం' అని ఉన్నది. ఆ రాత్రి ఇంటికి వచ్చి అన్నం తినలేదు. "నా స్టైపెండు నాకు ఇచ్చారు, ఆమెకు మూడు సాయంత్రాలకు ఏమిచ్చారు తాతయ్యా?" అన్నది. నావద్ద జవాబు లేదు.

ఇంటర్న్‌షిప్పు ముగిసి చాలా నెలలైనది. ధ్రువపత్రం బీరువాలో ఉన్నది. నిన్న ఆ పెద్దామె ఫోను చేసిందట, పెత్రమాస ఎప్పుడో పంచాంగం చూసి చెప్పమని. పంచాంగం మాత్రం నాకు వచ్చు. చూసి చెప్పాను.