ఎగువ నుంచి దిగువకి: గాంబియాలో ఏడు రోజులు

మా నాన్న దగ్గర ‘ఏడు తరాలు’ పాత కాపీ ఒకటి ఉంది. అలెక్స్ హేలీ ‘రూట్స్’కి సహవాసి చేసిన అనువాదం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. బ్రౌన్ పేపర్ వేసి, దాని మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసుకున్నాడు. ఖమ్మంలో హైస్కూల్ పిల్లలకి సోషల్ చెప్పేవాడాయన. పదో తరగతి పరీక్షలు అయిపోయాక, చదువుతారనిపించిన పిల్లలకి ఆ పుస్తకం ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చేవాడు. నా వంతు వచ్చినప్పుడు నేనూ అలాగే చదివాను. చివర ఖాళీ పేజీలో మా వంశవృక్షం గీసి ఉంది. కింద నేనూ తమ్ముడూ, పైన నాన్న, తాత, ముత్తాత. ముత్తాత పేరు మీద ఒక గీత, ఆ గీత మీద ప్రశ్నార్థకం.

కిందటి దసరాకి ఇంటికెళ్ళినప్పుడు నాన్న, “కుంటా కింటే వాళ్ళ ఊరు చూడాలనుందమ్మా, మోకాళ్ళు బాగున్నప్పుడే” అన్నాడు. ఆయనకి 67 ఏళ్ళు. నాకు జనవరిలో వారం సెలవు దొరుకుతుంది. అలా మొదలైంది ఈ ప్లాన్. బడ్జెట్ వేసుకుందామని కూర్చున్నదాన్ని, చరిత్ర పుస్తకాల్లో పడ్డాను.

మ్యాపులో గాంబియాని చూస్తే ముందు నవ్వొస్తుంది. ఆఫ్రికా ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా చిన్న దేశం, విస్తీర్ణంలో పాత ఖమ్మం జిల్లా కంటే తక్కువ. వెడల్పు ఎక్కడా 50 కిలోమీటర్లు దాటదు. పడమర అట్లాంటిక్ సముద్రం, మిగతా మూడు వైపులా సెనెగల్. గినీలోని ఫూటా జాలోన్ కొండల్లో పుట్టే గాంబియా నది 1,100 కిలోమీటర్లకి పైగా ప్రవహిస్తుంది. ఆ నది చివరి భాగానికి రెండు పక్కలా గుడ్డ అంచులా కుట్టిన నేలే ఈ దేశం. 1889లో బ్రిటన్, ఫ్రాన్స్ పారిస్‌లో కూర్చుని, నదికి అటు పది కిలోమీటర్లు ఇటు పది కిలోమీటర్లు అనే లెక్కతో గీత గీశాయి. నది మీది ఓడ నుంచి ఫిరంగి గుండు ఎంత దూరం పోతే అంత దూరం సరిహద్దు పెట్టారని ఒక కథ చెబుతారు. కథే కావచ్చు గానీ, గీత గీసినవాళ్ళు నేలని ఓడ మీద నుంచే చూశారన్న మాట మాత్రం నిజం. ఒకే మాండింకా కుటుంబం, ఒకే వోలోఫ్ కుటుంబం ఆ గీతకి రెండు వైపులా మిగిలిపోయింది. ఇటు ఆఫీసు భాష ఇంగ్లీషు, అటు ఫ్రెంచి.

ఏ ట్రావెల్ కంపెనీ కార్యక్రమం చూసినా ఒకేలా ఉంది. రాజధాని బాంజుల్ పక్కన బీచ్ హోటల్లో బస, ఒకరోజు పడవలో ‘రూట్స్ టూర్’, మళ్ళీ బీచ్. ఆ ఒక్కరోజులో జుఫూరే ఊరు, పక్కనే ఫ్రెంచివాళ్ళ పాత వర్తక స్థావరం ఆల్బ్రెడా, నది మధ్యలో కోట శిథిలాలున్న చిన్న ద్వీపం చూపిస్తారు. ఆ ద్వీపంలో 1651లో కోట కట్టింది కోర్లాండ్ వాళ్ళు. ఇప్పటి లాత్వియాలో ఉండిన చిన్న సంస్థానం అది. అంత చిన్న రాజ్యానికీ పశ్చిమాఫ్రికాలో ఒక కోట కావాల్సి వచ్చింది. పదేళ్ళకి ఇంగ్లీషువాళ్ళు దాన్ని పట్టుకుని, రాజుగారి తమ్ముడి పేరు మీద జేమ్స్ ద్వీపం అన్నారు. తర్వాత ఇంగ్లీషువాళ్ళ నుంచి ఫ్రెంచివాళ్ళకి, వాళ్ళ నుంచి మళ్ళీ వీళ్ళకి చాలాసార్లు చేతులు మారింది. బంగారం, దంతం, మైనం కొన్నారు. అన్నిటికన్నా ఎక్కువగా మనుషుల్ని కొన్నారు. 2003లో యునెస్కో దీన్ని, చుట్టుపక్కల చోట్లనీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2011లో ప్రభుత్వం దీని పేరు కుంటా కింటే ద్వీపం అని మార్చింది.

చిక్కు ఆ పేరు దగ్గరే వచ్చింది.

హేలీ 1967లో జుఫూరే వెళ్ళాడు. కెబ్బా కంగా ఫోఫానా అనే పెద్దాయన గంటల తరబడి కింటే వంశ చరిత్ర చెప్పాడు. అందులో, కట్టెల కోసం వెళ్ళి మళ్ళీ తిరిగిరాని కుంటా అనే కుర్రాడి ప్రస్తావన వచ్చింది. తన అమ్మమ్మ ఇంట్లో విన్న కథ అక్కడ అతుక్కుందనుకున్నాడు హేలీ. 1976లో పుస్తకం, మరుసటి ఏడు టీవీ సీరియల్ వచ్చాయి. 1981లో డొనాల్డ్ రైట్ అనే చరిత్రకారుడు, గాంబియాలో తను చేసిన పరిశోధన ఆధారంగా ఒక వ్యాసం రాశాడు. ఫోఫానా వంశపారంపర్యంగా చరిత్ర చెప్పే జాలీ కాదనీ, హేలీకి ఏం కావాలో అక్కడివాళ్ళకి ముందే తెలుసనీ అందులో చూపించాడు. అదే ఏడాది గ్యారీ, ఎలిజబెత్ మిల్స్ వర్జీనియా రికార్డులు తిరగేశారు. హేలీ లెక్కలో కుంటాని 1767లో తెచ్చింది ‘లార్డ్ లిగోనియర్’ ఓడ. ఆ ఓడ నిజమే, ప్రయాణమూ నిజమే. కానీ కుంటాగా చెప్పిన టోబీ పేరు అంతకు ముందే అక్కడి యజమాని కాగితాల్లో ఉంది.

అంటే, నాన్న చూడాలనుకుంటున్న ఊరికీ ఆ మనిషికీ సంబంధం ఉందని గట్టిగా చెప్పలేం. ఈ మాట నాన్నకి చెప్పాలా వద్దా అని రెండు వారాలు నానబెట్టాను.

ఆ రెండు వారాల్లోనే మంగో పార్క్ యాత్రా గ్రంథం చదివాను. స్కాట్లాండ్ డాక్టర్, నైజర్ నది ఎటు పారుతుందో కనుక్కోమని లండన్ వాళ్ళు పంపిన మనిషి. 1795 జూన్‌లో ఆయన గాంబియా నదిలో మొదట దిగిన ఊరు జిల్లిఫ్రీ, అంటే మన జుఫూరేయే. అక్కడి నుంచి ఎగువన పిసానియాకి వెళ్ళి, డాక్టర్ లెయిడ్లీ అనే ఇంగ్లీషు వర్తకుడి ఇంట్లో ఉండి మాండింకా భాష నేర్చుకున్నాడు. డిసెంబర్‌లో తూర్పుకి బయల్దేరాడు. తిరుగు ప్రయాణానికి చేతిలో ఏమీ మిగల్లేదు, పైగా జ్వరం. కార్ఫా తౌరా అనే బానిసల వ్యాపారి కమాలియాలో ఇంట్లో పెట్టుకుని నెలల తరబడి సాకాడు. గాంబియా చేరాక ఒక మంచి బానిస ఖరీదు ఇస్తానని పార్క్ ఒప్పుకున్నాడు. 1797 ఏప్రిల్‌లో కార్ఫా బానిసల్ని నడిపించుకుంటూ పడమరకి బయల్దేరితే, పార్క్ ఆ గుంపుతోనే నడిచాడు.

అందులో నీలీ అనే ఆడమనిషి ఉంది. ప్రయాణం మొదట్లోనే తిండి మానేసింది. ఒకచోట తేనెటీగలు లేచి అందర్నీ కుట్టాయి, ఆమెని మరీ ఘోరంగా. మర్నాడు నడవలేకపోయింది. కొరడాతో కొట్టారు. గాడిద మీద కట్టారు, అది విదిలించేసింది. వెదురుతో డోలీలాంటిది కట్టి మోయించారు. చివరికి అడవిలో దారి పక్కన వదిలేసి వచ్చేశారు. గుంపులో ఉన్న ఒక బడిపంతులు మర్నాడంతా ఉపవాసం ఉన్నాడని పార్క్ రాశాడు.

ఈ పేజీలు చదివాక అర్థమైంది, నేను చూసిన టూర్లన్నీ ఎటు వైపు నుంచి సాగుతున్నాయో. సముద్రం వైపు నుంచి వస్తాయి. కోట చూస్తాయి, ఫిరంగి చూస్తాయి, వెనక్కి తిరుగుతాయి. కొనడానికి వచ్చిన ఓడ కూడా అలాగే వచ్చేది. అమ్ముడుపోయే మనిషి వచ్చింది ఇంకో వైపు నుంచి. లోపలి దేశాల్లో పట్టుబడి, వారాల తరబడి నడిచి, నది దొరికాక పడవలో దిగువకి. ద్వీపం ఆ దారికి చివరి మజిలీ. మొదట దాన్ని చూస్తే వెనకాల ఉన్నదంతా కనపడదు.

అందుకని ప్లాన్ తిరగేశాను.

మొదటి రోజు బాంజుల్ విమానాశ్రయంలో దిగి, దగ్గర్లోనే పడక. రెండో రోజు దక్షిణ ఒడ్డు రోడ్డు మీద 350 కిలోమీటర్లకి పైగా తూర్పుకి, బస్సే పట్టణం దాకా. నది మీద వెళ్ళాలని నాకు ఆశగా ఉండేది. పల్లీల బస్తాల్నీ మనుషుల్నీ ఎక్కించుకుని పైకీ కిందికీ తిరిగే ‘లేడీ చిలెల్ జవారా’ అనే ఓడ 1984లో మునిగిపోయింది. ఇప్పుడు మామూలు ప్రయాణికుల దారి రోడ్డే. మూడో రోజు జాంజాంబురే. నది మధ్య ద్వీపం మీద 1823లో బ్రిటిష్‌వాళ్ళు పెట్టిన ఊరు, పాత పేరు జార్జ్‌టౌన్. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించాక, నది ముఖద్వారంలో 1816లో బాంజుల్‌ని (అప్పటి పేరు బాథర్స్ట్) కట్టింది ఆ వ్యాపారాన్ని అడ్డుకోవడానికే. ఒకటిన్నర శతాబ్దం మనుషుల్ని కొన్నవాళ్ళే, అదే నదికి కాపలా కాయడానికి ఫిరంగులు తెచ్చి పెట్టారు. తర్వాత నది పల్లీలకి దారి అయింది.

నాలుగో రోజు ఉత్తర ఒడ్డుకి దాటి కరంతాబా. పిసానియా ఉండిన చోటు ఆ దగ్గర్లోనే. అక్కడ పార్క్ పేరు మీద ఒక స్తంభం ఉంది. నీలీకి ఎక్కడా ఏమీ లేదు. ఆమె ఇంత దూరం రానే లేదు, చాలా తూర్పునే ఆగిపోయింది. అయినా ఆ రోజు నా నోట్‌బుక్‌లో ఆమె పేరు పెట్టుకున్నాను. తర్వాత వాసూ. మనిషెత్తు ఎర్రటి లాటరైట్ రాళ్ళు గుండ్రంగా నిలబెట్టిన సమాధి స్థలాలు. ఈ నది వెంట సెనెగల్లోనూ గాంబియాలోనూ కలిపి ఇలాంటి కట్టడాలు వెయ్యికి పైగా ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తు శకం పదహారో శతాబ్దం దాకా వీటి కాలం. ఓడలు రాకముందు కూడా ఇక్కడ మనుషులు చచ్చిపోయినవాళ్ళని గుర్తు పెట్టుకున్నారు, దానికి శ్రమపడి రాయి చెక్కారు. ద్వీపం కంటే ముందు ఇది చూడాలని నాకు పట్టుదల.

ఐదో రోజు ఉత్తర ఒడ్డునే ఫరాఫెన్ని. 2019లో తెరిచిన సెనెగాంబియా వంతెన అక్కడే. అంతకు ముందు ఫెర్రీ కోసం లారీలు ఒడ్డున పడిగాపులు కాసేవి. సెనెగల్ ఉత్తరం నుంచి దాని దక్షిణానికి నేరుగా పోవాలంటే ఈ సన్నటి దేశాన్ని దాటాల్సిందే. 1889 నాటి గీతకి 130 ఏళ్ళ తర్వాత వేసిన అతుకు అది. ఆరో రోజు జుఫూరే, ఆల్బ్రెడా, ద్వీపం. ఏడో రోజు బర్రా నుంచి ఫెర్రీలో బాంజుల్, సముద్రం.

పార్క్ కూడా అలాగే సముద్రం చేరాడు. ఆయనకి దొరికింది ‘చార్లెస్‌టౌన్’ అనే అమెరికా బానిస ఓడ. ఓడలోని 130 మంది బానిసలకి వైద్యం చేస్తూ, వాళ్ళతో మాండింకాలో మాట్లాడుతూ వెళ్ళాడు. లోపలి దేశాల్లో ఆయన్ని చూసినవాళ్ళు, విన్నవాళ్ళు కూడా అందులో ఉన్నారట. సముద్రం మీద 11 మంది చనిపోయారు. మిగిలినవాళ్ళ పేర్లు ఆయన రాయలేదు.

ఈ ప్లాన్ అంతా అయ్యాక నాన్నకి ఫోన్ చేసి హేలీ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

“మన ముత్తాత పేరు నాకెవరు చెప్పారనుకున్నావు? మా పెద్దమ్మ. ఆవిడకెవరు చెప్పారో నేను అడగనే లేదు,” అన్నాడు.

నేను జాలీల గురించి చెప్పాను. మాండింకా వాళ్ళలో వంశాల కథలు పాడేవాళ్ళు, కోరా వాయించేవాళ్ళు, పోషించే ఇళ్ళ చరిత్ర వాళ్ళ నోట్లో ఉంటుందని.

“మనకీ ఉన్నారుగా. వంశరాజ్ వాళ్ళు. మా చిన్నప్పుడు పిచ్చిగుంట్ల అనేవాళ్ళు, ఇప్పుడలా అనకూడదులే. పెద్ద రైతుల ఇళ్ళకి వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు, ఎక్కణ్ణుంచి వచ్చారో అన్నీ పాడేవాళ్ళు. మనింటికి వచ్చేవాళ్ళు కాదు.”

ఎందుకు రాలేదని నేను అడగలేదు. మాకు పొలం లేదు. పెట్టడానికి గింజల్లేని ఇంటి వంశం ఎవరు పాడతారు? జాలీ అయినా పోషించినవాడి కథే పాడతాడు. పట్టుబడి అమ్ముడుపోయినవాడికి జాలీ ఉండడు. హేలీ పొరపాటు నాకు ఇక్కడే కొంచెం అర్థమైంది. ఎవరూ దాచిపెట్టని పేరు కోసం వెతికాడు, ఎవరో ఒకరు చెప్పగానే పట్టుకున్నాడు. ఆ పేరు సరైనది కాకపోవచ్చు. కానీ ‘లార్డ్ లిగోనియర్’లో ఎక్కినవాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఒక పేరుంది. వాళ్ళందరి తరఫునా ఇప్పుడు ఆ ద్వీపం మీద ఉన్నది ఒక్క పేరే. దాన్ని చెరిపెయ్యమనే ధైర్యం నాకు లేదు. కాకపోతే దాన్ని చరిత్రగా నాన్నకి చూపించలేను. గుర్తుగా చూపించగలను.

ఇంకో సంగతి తేలాలి. అక్కడికి వెళ్ళి మన దేశానికి తిరిగి రావాలంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు కావాలి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. అరవై దాటినవాళ్ళకి ఆ టీకాతో ప్రమాదం కొంచెం ఎక్కువ, డాక్టర్ చూసి సరే అంటేనే వేయించాలి. నాన్నకి వచ్చే వారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

నిన్న రాత్రి ఆయనే ఫోన్ చేశాడు. “డాక్టర్ వద్దంటే నువ్వొక్కదానివే వెళ్ళు. ప్లాన్ మాత్రం మార్చకు, పైనుంచే కిందికి రా,” అన్నాడు. తర్వాత, “ఆవిడ పేరేమన్నావు? తేనెటీగలు కుట్టిన ఆవిడ,” అని అడిగాడు.

చెప్పాను. ఉండమని, పెన్ను వెతుక్కుని రాసుకున్నాడు. పుస్తకం వెనక పేజీలో రాశాడో వేరే కాగితం మీద రాశాడో నేను అడగలేదు.