గుట్ట మీది కందికి మందు కొట్టిందెవరు?

కళ్యాణదుర్గం చుట్టుపక్కల వేరుశనగ సాళ్ల మధ్య కంది సాలు వేయడం అందరికీ తెలిసిన పద్ధతే. వానలు మొహం చాటేసి శనక్కాయ చేతికి రాని ఏడు కూడా, వేరు లోతుకు పోయే కంది ఎంతో కొంత ఆదుకుంటుంది. పూత, పిందె మీద శనగపచ్చ పురుగు పడితే ఆ ఆశా పోతుంది. కాయకు బొక్క పెట్టి గింజ తినే ఈ పురుగు ఎన్నో మందులకు లొంగకుండా తయారైంది. అప్పు తెచ్చి మందు కొట్టినా పంట దక్కుతుందన్న భరోసా లేదు.

అయితే ఎవరూ మందు కొట్టకుండానే ఈ పురుగును తట్టుకునే కంది బంధువులు గుట్టల మీద ఉన్నాయి. వాటి చరిత్ర మన చరిత్రలో భాగం.

కంది పుట్టిల్లు మన దేశమే. పొరుగున బళ్లారి దగ్గర సంగనకల్లులో, నవీన శిలాయుగపు ఊరి తవ్వకాల్లో మూడు వేల ఏళ్లు దాటిన కంది ఆనవాళ్లు దొరికాయి. సాగు కందికి మూలమైన అడవి జాతి బస్తర్‌లోని బైలాడిల్లా కొండల్లో, ఒడిశా వైపు తూర్పు కనుమల్లో నేటికీ పెరుగుతోంది. ఇవన్నీ ఆదివాసులు బతికే చోట్లు.

మరో బంధువు కజానస్ స్కారబయాయిడిస్. పసుపు పూలు పూసే సన్నని తీగ ఇది, గడ్డి మధ్య పాకుతుంది. 1972లో పఠాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడ్డాక ఇలాంటి జాతుల విత్తనాలు సేకరించి భద్రపరిచారు. అప్పటిదాకా అటైలోసియా అని వేరు కుటుంబంగా చూసిన ఈ మొక్కలను, 1986లో వాన్ డెర్ మేసెన్ తన గ్రంథంలో కంది కుటుంబంలోనే చేర్చారు.

ఆ తీగ రహస్యం దాని కాయ మీది నూగులో ఉంది. సాగు కంది కాయ మీద జిగురు కార్చే నూగు ఉంటుంది. ఆ జిగురు పురుగును తినమని పిలుస్తుంది. అడవి తీగ కాయ మీద మాత్రం పొడి నూగు దట్టంగా ఉంటుంది. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్ల పురుగు ఆ నూగు దాటి కాయ తొక్కను అందుకోలేదు. 1990లలో ఇక్రిశాట్ పరిశోధనల్లో తేలిన సంగతి ఇది. సాగు కందితో ఈ తీగను సంకరం చేయవచ్చు. కానీ చిన్న గింజ, పాకే గుణం కూడా వెంట వస్తాయి కనుక వాటిని వదిలించడానికి ఎన్నో తరాల మొక్కలు పెంచాలి.

అడవి జాతి పంటను కాచిన కథ ప్రపంచానికి కొత్త కాదు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ ద్రాక్ష తోటలను వేరు పురుగు తుడిచిపెడుతుంటే, అమెరికా అడవి ద్రాక్ష వేర్ల మీద అంటు కట్టి నిలబెట్టారు. మన దగ్గర 2015లో తెలంగాణలో విడుదలైన సంకర కందికి ‘మన్నెంకొండ కంది’ అని పేరు పెట్టారు. దాని తయారీకి కావాల్సిన గుణం బైలాడిల్లా కొండల్లో పెరిగే ఆ అడవి జాతి నుంచే వచ్చింది. పేరులో మన్నెం ఉంది. మరి ఆ మన్నెం మనుషులు ఏ రికార్డులో ఉన్నారు?

విత్తన బ్యాంకులో ప్రతి గింజకూ ఒక నంబరు ఉంటుంది. ఆ గుట్టను తగలబెట్టకుండా, దున్నకుండా తరతరాలు ఉంచినవారికి నంబరూ లేదు, పేరూ లేదు. చట్టం మాత్రం వారిని మరిచిపోలేదు. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల రక్షణ చట్టం నాటు రకాలనూ పంటల అడవి బంధువులనూ కాపాడి, మెరుగుపరిచే రైతుకు జన్యు నిధి నుంచి గుర్తింపు, బహుమతి పొందే హక్కు ఇచ్చింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల్లో కమిటీలు ఏర్పడి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి.

ఆ రిజిస్టరులో మన తాండాల మాట చేరాలి. సెలవులకు ఇంటికి వెళ్లే హాస్టల్ పిల్లలు అవ్వాతాతలను అడిగి, గుట్ట మీది ఒక్కో మొక్కకు గోర్ బోలిలో, ఎరుకల భాషలో ఉన్న పేరు, దాని వాడుక, దొరికే చోటు రాసుకు రావాలి. పంచాయతీలో ఆ కాగితం ఇచ్చి రిజిస్టరులో ఎక్కించే పని మన సంఘం పెద్దలది. గుట్టలు చదును కాకముందే, పేర్లు తెలిసిన అవ్వలు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి.