మాంద్యం వేళ డెల్టా కుటుంబం: రాయవరం ప్రాంతంలో ఖర్చు, పొదుపు, బంగారం

సారాంశం

రాబడి పడిపోయినప్పుడు కుటుంబాలు ఖర్చు తగ్గించి పొదుపు పెంచుతాయన్నది అర్థశాస్త్రంలో ప్రచారంలో ఉన్న అభిప్రాయం. గోదావరి తూర్పు డెల్టాలోని రాయవరం వంటి ప్రాంతానికి ఇది సగమే వర్తిస్తుంది. మాంద్యంలో నెలజీతం ఉన్న ఇంట్లో పొదుపు పెరుగుతుంది. కౌలు రైతు, కూలీ ఇళ్లలో కరిగిపోతుంది. అలా కరిగేది ఎక్కువగా ఆడవాళ్ల బంగారమే. 1930ల మహామాంద్యాన్ని, 2020 నాటి కరోనా మాంద్యాన్ని పక్కపక్కన పెట్టి ఈ వ్యాసం ఆ సంగతిని పరిశీలిస్తుంది.

1. ప్రాంతం, ప్రశ్న

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కోనసీమ జిల్లాలో చేరిన రాయవరం మండలం గౌతమికి తూర్పున ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీటితో వరి ఇక్కడ స్థిరపడింది. పసలపూడి, సోమేశ్వరం, చెల్లూరు వంటి ఊళ్లకు సార్వా, దాళ్వాలే ప్రాణం. పక్కనే అనపర్తి, మండపేట, బిక్కవోలు ప్రాంతాల్లో కోళ్ల ఫారాలు, రైసు మిల్లులు వేల కుటుంబాలకు పని ఇస్తున్నాయి.

పంట డబ్బు ఏడాదికి రెండుసార్లే చేతికొస్తుంది. ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది. అందుకే ఇక్కడి పొదుపు బ్యాంకు ఖాతాలోనే ఉండదు. కొంత బంగారంగా, కొంత చీటీగా, కొంత పొదుపు సంఘంలో, కొంత గాదెలో ధాన్యంగా ఉంటుంది. లెక్కల్లోకి వచ్చే పొదుపు వేరు, ఇంటిని నిలబెట్టే పొదుపు వేరు.

2. మహామాంద్యం: ధాన్యం దిగింది, అప్పు దిగలేదు

1929 తర్వాత ప్రపంచ ధరలు కూలినప్పుడు మద్రాసు రాష్ట్రంలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు, అప్పు మాత్రం రూపాయల్లో కట్టాల్సినవి కాబట్టి అవి తగ్గలేదు. పది బస్తాలు అమ్మితే తీరే బాకీకి ఇరవై బస్తాలు అమ్మాల్సి వచ్చింది. రాష్ట్ర రైతుల రుణభారం సుమారు 150 కోట్ల రూపాయలని 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం అంచనా వేసింది. 1935లో రైతుల అప్పులపై సత్యనాథన్ ఇచ్చిన నివేదిక దాన్ని సుమారు 200 కోట్లుగా చూపింది.

వలస తోవ కూడా అప్పుడే మూసుకుపోసాగింది. గోదావరి జిల్లాల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలపై 1930 మేలో దాడులు జరిగి వంద మందికి పైగా చనిపోయారు. ఇంటికొచ్చే డబ్బుకు అది కూడా దెబ్బే. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేయడంతో ఇక్కడ బంగారం ధర పెరిగింది. దేశం నుంచి బంగారం పెద్దఎత్తున ఎగుమతి అయింది. దాన్ని చరిత్రకారులు ‘కష్టకాలపు బంగారం’గానే చూశారు. శిస్తు కట్టడానికీ, వడ్డీ తీర్చడానికీ పల్లె ఇళ్ల నగలు అమ్ముడుపోయాయి.

1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం, అసలుకు రెట్టింపు కట్టేసిన బాకీలను రద్దు చేసింది. మాంద్యం మొదలైన దాదాపు తొమ్మిదేళ్లకు ఆ ఊరట దక్కింది. అప్పటికే అమ్ముకున్న నగలు మాత్రం తిరిగి రాలేదు.

3. 2020: ఒకే ఊళ్లో రెండు దిశలు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి దాళ్వా కోతలు దగ్గరపడుతున్నాయి. అంతకుముందే, చికెన్ తింటే కరోనా వస్తుందన్న వదంతి కోళ్ల రైతులను కుదేలు చేసింది. తాపీ పని, హోటలు పని ఆగిపోయాయి.

అదే సమయంలో దేశస్థాయి లెక్కలు వేరే కథ చెప్పాయి. 2020 ఏప్రిల్–జూన్‌లో కుటుంబాల ఆర్థిక పొదుపు జీడీపీలో 21 శాతానికి చేరిందని, తర్వాతి మూడు నెలల్లో 10.4 శాతానికి దిగిందని రిజర్వు బ్యాంకు అంచనా వేసింది. పెరిగిన ఆ పొదుపు చాలావరకు జీతం ఆగని ఇళ్లదే. పెళ్లిళ్లు, ప్రయాణాలు, బట్టలు ఆగిపోతే డబ్బు ఖాతాలోనే ఉండిపోయింది. కూలీ ఇంట్లో మిగలడానికి రాబడే లేదు.

అందరూ ఒకేసారి పొదుపు చేస్తే అందరి రాబడీ తగ్గుతుందని ఆర్థికవేత్త కీన్స్ చెప్పిన పొదుపు వైపరీత్యం ఊళ్లో కంటికి కనిపిస్తుంది. ఒకరి ఖర్చే మరొకరి రాబడి. ఉద్యోగస్థుడు పెళ్లి వాయిదా వేస్తే వంటవాళ్లకు, మేళగాళ్లకు, షామియానా వాళ్లకు ఆ సీజను పోయినట్టే. ఒక ఇంట్లో మిగిలిన డబ్బు, మరో ఇంట్లో తాకట్టుకు కారణమైంది.

4. కోత ఎక్కడ మొదలవుతుంది?

రాబడి తగ్గినకొద్దీ ఖర్చులో తిండి వాటా పెరుగుతుందని 1857లో గణాంకవేత్త ఎంగెల్ సూత్రీకరించాడు. డెల్టా వంటింట్లో ఆ సూత్రానికి ఒక వరుస ఉంది. బియ్యం చివరిదాకా తగ్గదు. రేషన్ బియ్యం అందుకు అండ. ముందు పళ్లు, మాంసం, పాలు తగ్గుతాయి. నెలకు సరిపడా తెచ్చుకునే వెచ్చాలు చిన్న ప్యాకెట్లలోకి మారతాయి. ప్యాకెట్టు లెక్కన సరుకు ప్రియం. అంటే లేనివాడే అదే పప్పుకు ఎక్కువ కడతాడు. తర్వాత కిరాణా కొట్లో పద్దు పెరుగుతుంది. వైద్యం వాయిదా పడుతుంది. పిల్లల ఫీజు, పొదుపు సంఘం వాయిదా మాత్రం ఆగవు. వాయిదా తప్పితే తోటి సభ్యులందరి మీదా పడుతుంది కాబట్టి, తిండి తగ్గించైనా అది కడతారు.

5. తాకట్టు లెక్క

2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, వ్యవసాయేతర అవసరాల బంగారు రుణాలకు పరిమితిని 2021 మార్చి దాకా విలువలో 75 నుంచి 90 శాతానికి పెంచింది. లక్ష రూపాయల నగపై 75 వేల బదులు 90 వేలు దొరికేవి. ఆ పూట గడవడానికి అది మేలే. కానీ ధర పదో వంతు తగ్గితే నగ విలువ, అప్పు సమానమవుతాయి. వడ్డీ కలిస్తే అప్పే ఎక్కువ. 1931లో అమ్మకంగా జరిగింది 2020లో తాకట్టుగా జరిగింది. విడిపించుకోలేని ఇంటికి రెండూ ఒకటే.

భూమి పత్రం ఉన్న యజమానికి పంట రుణం దొరుకుతుంది. కౌలు రైతుకు దొరకడం కష్టం. 2011 నాటి రుణ అర్హత కార్డుల చట్టం, 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ఈ లోటు తీర్చడానికే వచ్చాయి. కానీ 2019 చట్టం కింద 11 నెలల కార్డుకు యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందన్న భయంతో చాలామంది వెనకాడతారు. కార్డు లేని కౌలు రైతు, భార్య పుస్తెలతాడుతో దమ్ముకు, నాట్లకు పెట్టుబడి పెడతాడు.

6. ముగింపు

మాంద్యంలో కుటుంబ పొదుపును ఒకే సంఖ్యగా లెక్కించడం వల్ల విధానం పక్కదారి పడుతుంది. సగటు పెరిగినప్పుడే కింది ఇళ్లలో బంగారం బయటికి పోతుంటుంది. తాకట్టు రుణాల, వేలానికి వచ్చిన నగల లెక్కలు మండలాల వారీగా బహిరంగమైతే, కష్టం ఎక్కడ మొదలైందో ముందే తెలుస్తుంది. యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా, గ్రామసభ ధ్రువీకరణతో కౌలు రైతుకు పంట రుణం ఇవ్వాలి. అదీ సార్వా దుక్కులకు ముందే. 1938 చట్టంలా నగలు పోయాక వచ్చే సాయం అప్పును మాపగలదు గానీ, ఆ ఇంటి ఆడవాళ్ల తరాల పొదుపును తిరిగి ఇవ్వలేదు.