జాతీయ గణాంకాలకు అంతర్జాతీయ సహాయం

పేద, మధ్యాదాయ దేశాలు తమ జనాభా, ఆరోగ్యం, ఆదాయం, పంటల లెక్కలు తీసుకునేందుకు సంపన్న దేశాలు, ఐక్యరాజ్య సమితి సంస్థలు, ప్రపంచ బ్యాంకు అందించే డబ్బు, శిక్షణ, సాంకేతిక తోడ్పాటు గణాంక సహాయం కిందికి వస్తాయి. మొత్తం అభివృద్ధి సహాయంలో దీని వాటా అర శాతం కూడా లేదు. మిగతా సహాయం ఎవరికి, ఎంత అందాలో నిర్ణయించడానికి మాత్రం ఈ కొద్ది ఖర్చుతో వచ్చే అంకెలే ఆధారం.

తొలిరోజుల్లో ఈ సహాయం ప్రధానంగా మనుషులను తయారుచేసింది. 1950లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో పి.సి. మహలనోబిస్ చొరవతో, యునెస్కో తోడ్పాటుతో అంతర్జాతీయ గణాంక విద్యా కేంద్రం మొదలైంది. ఆసియా, ఆఫ్రికా దేశాల ప్రభుత్వోద్యోగులు అక్కడికి వచ్చి నమూనా సర్వేల పద్ధతి నేర్చుకున్నారు. 1970లో జపాన్ ప్రభుత్వం, ఐక్యరాజ్య సమితి కలిసి టోక్యోలో ఆసియా-పసిఫిక్ గణాంక శిక్షణ సంస్థను నెలకొల్పాయి.

ఆ తర్వాత దాతల దృష్టి శిక్షణ నుంచి సర్వేల మీదికి మళ్లింది. జనాభా పెరుగుదలపై ఆందోళన బలంగా ఉన్న రోజులవి. 1972లో మొదలైన ప్రపంచ సంతానోత్పత్తి సర్వే నలభైకి పైగా వర్ధమాన దేశాల్లో జరిగింది. అది ముగిసిన 1984లోనే అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ జనాభా, ఆరోగ్య సర్వేల కార్యక్రమాన్ని చేపట్టింది. డీహెచ్ఎస్ పేరుతో ప్రసిద్ధమైన ఈ కార్యక్రమం కింద సుమారు 90 దేశాల్లో 400కు పైగా సర్వేలు జరిగాయి. ప్రశ్నావళి దాదాపు ఒకే తీరుగా ఉండటంతో ఒక దేశపు శిశు మరణాల రేటును మరో దేశంతో పోల్చడం సాధ్యమైంది. ఇది నిజంగా పెద్ద మేలు. అయితే సర్వేకు డబ్బు దొరికినంత తేలికగా జనన, మరణాల నమోదు కార్యాలయాలకు దొరకలేదు. సర్వే రెండేళ్లలో నివేదిక చేతికిస్తుంది. నమోదు వ్యవస్థ కుదురుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. దాతలు మొదటిదాన్నే ఎంచుకోవడం, నా దృష్టిలో, ఈ చరిత్రలోని పెద్ద లోపం.

భారత్‌లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో యూఎస్ఎయిడ్ నిధులతోనే ఆరంభమైంది. నిర్వహణ మాత్రం ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థది. 2015-16 నాటి నాలుగో విడతలో తొలిసారి జిల్లా స్థాయి అంచనాలు వచ్చాయి. తెలంగాణకు విడిగా అంకెలు లభించింది కూడా ఆ విడతలోనే.

సర్వేలు ఎన్ని జరిగినా గణాంక కార్యాలయాలు బలహీనంగానే ఉన్నాయన్న గ్రహింపుతో 1999 నవంబరులో ఐక్యరాజ్య సమితి, ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్, ఓఈసీడీ, ఐరోపా కమిషన్ కలిసి ప్యారిస్21 అనే వేదికను ఏర్పాటు చేశాయి. ప్రతి దేశమూ తన గణాంక వ్యూహాన్ని తానే రాసుకోవాలని, దాతలు దాన్ని అనుసరించి సాయం చేయాలని దాని ఉద్దేశం. 2004లో మరాకేష్ కార్యాచరణ ప్రణాళిక ఇదే మాటను బలపరిచింది. ఆ అవసరం ఎంతటిదో 2010 నవంబరులో ఘనా చూపింది. జీడీపీ లెక్కకు ఆధార సంవత్సరాన్ని 1993 నుంచి 2006కు మార్చగానే ఆ అంకె సుమారు 60 శాతం పెరిగింది. అంతవరకు అల్పాదాయ దేశంగా ఉన్న ఘనా దిగువ మధ్యాదాయ దేశాల వరుసలో చేరింది. ప్రజల బతుకులో ఆ రోజు మారిందేమీ లేదు.

2015లో ఆమోదం పొందిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు 17, వాటి కింద ఉపలక్ష్యాలు 169. వాటిని కొలిచే సూచికల పట్టికను ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 2017 జులైలో ఆమోదించింది. 230కి పైగా ఉన్న ఆ సూచికల్లో చాలావాటికి అప్పటికి కొలిచే పద్ధతే స్థిరపడలేదు. గణాంక వ్యవస్థలకు తోడ్పాటును కూడా పదిహేడో లక్ష్యంలో చేర్చారు. జననాల నమోదు నూటికి నూరు శాతం, మరణాల నమోదు 80 శాతం జరిగిన దేశాలెన్ని అన్నది అక్కడి కొలమానాల్లో ఒకటి. లెక్క అడిగినంత వేగంగా నిధులు మాత్రం పెరగలేదు.

2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేయడంతో డీహెచ్ఎస్ కార్యక్రమం ఆగిపోయింది. పలు దేశాల్లో సర్వేలు మధ్యలోనే నిలిచాయి. ముంబై సంస్థ వంటి స్వదేశీ సంస్థ ఉన్నందువల్ల భారత్ అంతకుముందే, 2023-24లో, కుటుంబ ఆరోగ్య సర్వే ఆరో విడతకూ క్షేత్ర పరిశీలన సాగించగలిగింది. అలాంటి సంస్థ లేని దేశాల్లో తల్లుల, పిల్లల మరణాల తాజా అంచనాలకు ఆధారం కరవైంది.