చవకలో రివాల్వర్ కొనాలా? ముందు లైసెన్సులో హద్దు చూడండి

తోటల్లో ఒంటరి ఇళ్లున్నవారు, నగదుతో తిరిగే వ్యాపారులు మమ్మల్ని అడిగేది ఒకటే. అప్పుడప్పుడు గురి చూసి కాల్చుకోవడానికీ, అవసరమైన రోజు వెంట తీసుకెళ్లడానికీ తక్కువ ధరలో ఏ రివాల్వర్ మంచిది?

ఎంచుకోవడానికి ఉన్నవే తక్కువ. 9 ఎం.ఎం., .38 నిషిద్ధ బోరు. మామూలు లైసెన్సు మీద ఇవ్వరు. మిగిలేవి ముఖ్యంగా .32, .22. దిగుమతులు 1980లలోనే ఆగిపోయాయి కాబట్టి తాతలనాటి విలాయతీ రివాల్వర్‌కు ఇప్పటికీ మోజు ధర పలుకుతోంది. పేరు కోసం అంత పెట్టనక్కర్లేదు.

కాన్పూరు .32 రకాలే మనకు ఆధారం. 2014లో మహిళల కోసమంటూ వచ్చిన నిర్భీక్ 500 గ్రాములే, ధర మాత్రం అప్పుడే లక్షా ఇరవై వేలు దాటింది. 2023లో వచ్చిన ప్రబల్ 700 గ్రాములు. దీని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. తేలికైనది నడుముకు సుఖం, చేతికి కష్టం: పేలినప్పుడు వెనక్కి గట్టిగా తంతుంది. నెలకోసారైనా కాల్చేవారికి బరువైనదే మేలని మా అభిప్రాయం.

పాతది కొనేటప్పుడు, తూటాలు లేవని రెండుసార్లు చూసుకున్నాక, హ్యామర్ ఎక్కించి సిలిండర్‌ను వేళ్లతో కదపండి. వదులుగా ఊగితే వద్దు. అమ్మేవారు 45 రోజుల ముందే అధికారులకు రాతపూర్వకంగా తెలిపిన కాగితం అడగండి.

మన కుటుంబాలకు అసలు చిక్కు సరిహద్దు దగ్గర. రాయచూరు లైసెన్సులో కర్ణాటక వరకే అని ఉంటే, పెళ్లికని కారులో కర్నూలు వెళ్లేటప్పుడు అది లైసెన్సు లేని ఆయుధమే. హోసూరు నుంచి కుప్పం, బరంపురం నుంచి ఇచ్ఛాపురం వెళ్లినా అంతే. యానాం వారికైతే ఊరు దాటితే ఆంధ్రే! అటూ ఇటూ బంధువులున్నవారు దరఖాస్తులోనే ఏయే రాష్ట్రాలు కావాలో రాసి, అంత దూరం ఎందుకు అవసరమో చూపాలి. అడిగినంత ఇస్తారని లేదు. ఇవ్వకపోతే ప్రయాణంలో రివాల్వర్ ఇంట్లో తాళం వేసి ఉండాల్సిందే. ఎన్నికలప్పుడు ఆయుధాలు అప్పగించమని ఆదేశం వస్తే స్టేషన్‌లో రశీదు తప్పక తీసుకోండి.

సొంత రాష్ట్రంలోనైనా బయటికి తీసుకెళ్తే హోల్‌స్టర్‌లో, పైకి కనబడకుండా ఉండాలి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది.

గురి సరదా ఒక్కటే అయితే రైఫిల్ క్లబ్బులో .177 ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి. ఖర్చూ తక్కువ, పెళ్లికి వెళ్లేటప్పుడు బెంగా ఉండదు.