చిరునామాలో తెలుగు

ఇంటర్నెట్‌లో అంకెల చిరునామాలకు బదులు పేర్లు వాడుకునేందుకు ఇప్పుడున్న డొమైన్ పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు. ఆ పేర్లకు 26 రోమన్ అక్షరాలు, పది అంకెలు, ఒక అడ్డగీత, అంతే సరంజామా. అమెరికాలో పుట్టిన పద్ధతి కనుక అప్పట్లో ఎవరికీ అది లోటుగా తోచలేదు.

మనకు లోటే. రోమన్‌లో "కల" రాసినా, "కళ" రాసినా, "కాల" రాసినా ఒకటే స్పెల్లింగు. 1990ల తొలినాళ్ళలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఆర్.టి.ఎస్. అనే లిపి పద్ధతి తయారుచేసి, పెద్దబడి, చిన్నబడి అక్షరాలతో ఈ చిక్కు విప్పారు. మనలో చాలామంది తెలుగు టైపు చేయడం నేర్చుకున్నది దానితోనే. కాని డొమైన్ పేర్లకు పెద్దబడి, చిన్నబడి తేడా లేదు. ఆ ఉపాయం అక్కడ పారదు.

2003లో ప్యూనీకోడ్ వచ్చింది. మనం తెలుగులో పేరు రాస్తే కంప్యూటరు దాన్ని లోలోపల రోమన్ అక్షరాల గొలుసుగా మార్చుకుంటుంది. ఉదాహరణకు చివర వచ్చే ".భారత్" అసలు రూపం: ఎక్స్ ఎన్, రెండు అడ్డగీతలు, ఎఫ్ పి సి ఆర్ జె 9 సి 3 డి! పిలిచే పేరు ఒకటి, పురోహితుడు పెట్టిన నక్షత్రనామం మరొకటి అన్నమాట. "సాఫ్ట్‌వేర్" మధ్యలో వత్తు పడకుండా ఆపే కంటికి కనిపించని గుర్తును ఆ తొలి నియమాలు చెరిపేసేవి. 2010 నాటి కొత్త నియమాలు దాన్ని షరతులతో ఒప్పుకున్నాయి.

చివరి ముక్క కూడా సొంత లిపిలో ఉండవచ్చని ఐకాన్ సంస్థ 2009లో సియోల్‌లో తీర్మానించింది. 2010 మేలో అరబ్బీ, రష్యన్ పేర్లు వచ్చాయి. 2011లో మన దేశానికి ఏడు లిపులలో అనుమతి దొరికింది, అందులో తెలుగు ఒకటి. నమోదులు మాత్రం 2014లో దేవనాగరితో మొదలయ్యాయి.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచింది కన్నడంతో వచ్చిన పేచీ. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు. యూనికోడ్‌లోనూ పక్క పక్క ఇళ్ళే. మన జ, బ, ల అక్షరాలు అక్కడా ఇంచుమించు అలాగే ఉంటాయి. ఒక బ్యాంకు పేరును కన్నడ అక్షరాలతో పోతపోసి తెలుగువాణ్ణి మోసగించడం కష్టమేమీ కాదు. అందుకే చివరి ముక్కల విషయంలో, ఒకరు తెలుగు పేరు పొందితే అచ్చంగా దాన్ని పోలిన కన్నడ పేరు మరొకరికి దక్కకుండా 2019 నాటి నియమాలలో కట్టడి చేశారు. శాసనాలు చదివేవారి పని ఇంటర్నెట్‌కు ఇలా అక్కరకొచ్చింది.

ఇన్ని జరిగినా, మా పెద్దమ్మ లాంటివారికి, తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి ఏబీసీడీలు రానివారికి, దారి ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. తెలుగు ఈమెయిలు చిరునామాకు ప్రమాణాలు 2012 నుంచీ ఉన్నాయి. దాన్నే ఫారంలో నింపితే "సరైన చిరునామా ఇవ్వండి" అని ఎర్రక్షరాలతో తిప్పికొట్టే వెబ్‌సైట్లు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉన్నాయి.